చిన్నమ్మ జోలపాటకు నేను చెప్పిన అర్థం

మా చిన్నప్పుడు... నారాయణఖేడ్‌లో మా నడిమింట్లో ఊయల ఊపుతూ మా చిన్నమ్మ పాడుతూ ఉండేది. ఊయలలో మా తమ్ముడు, ఆరు నెలల పసివాడు. అమ్మ కందిచేనుకు పోతే వాణ్ణి చూసుకునేది చిన్నమ్మే.

నిజాం కాలం అది. నాకు ఎనిమిదేళ్ళో, తొమ్మిదేళ్ళో... (నేను చెప్తుంటే మా మనవరాలు ఫోన్‌లో కొడుతోంది. తప్పులుంటే దాన్నే అడగండి!)

చిన్నమ్మ అంటే మా బాబాయి భార్య, గౌరమ్మ. పెళ్ళై మూడు నెలలే. పుట్టిల్లు బీదర్ అవతల ఒక పల్లె. ఆమెకు కన్నడం తప్ప రాదు. మా ఇంట్లో కన్నడం వచ్చింది బాబాయి ఒక్కడికే. ఆయన లేనప్పుడు ఉప్పు అడగాలన్నా సైగలే...

నేను ఆమె కొంగు పట్టుకుని తిరిగి నాలుగు మాటలు నేర్చుకున్నాను. హాలు అంటే పాలు, మనె అంటే ఇల్లు, హోగు అంటే పో... ఇంకేముంది, నాకు కన్నడం వచ్చేసిందనుకున్నాను!

ఒకరోజు నాయనమ్మ జొన్నలు చెరుగుతూ నన్ను పిలిచింది.

"ఏందే గా పాట? రోజూ గదే పాడుతది. నీకు సమజైతుందా?"

చెవి పెట్టి విన్నాను. "అత్తె కాడిగె హోగ్యాళ..." అత్తె అంటే అత్త. హోగ్యాళ అంటే పోయింది. ఇక కాడు... మాకు తెలిసిన కాడు ఒక్కటే, శవాలను కాల్చే చోటు. ఆ తర్వాతి మాటలు నాకు పట్టుబడలేదు. అయినా ఆగలేదు.

"అత్త కాటికి పోయిందని పాడుతుంది" అన్నాను, గొప్పగా.

నాయనమ్మ చేతిలో చాట ఆగిపోయింది.

రెండు రోజుల తర్వాత ఆమెకు చలిజ్వరం వచ్చింది. మూడు గొంగళ్ళు కప్పినా వణుకే. చిన్నమ్మ నీళ్ళ చెంబు తెస్తే మొహం గోడవైపు తిప్పుకుంది.

"నా చావు కోరి పాడింది. గందుకే నాకీ జ్వరం. పొద్దుగాల బండి కట్టి దాన్ని తల్లిగారింటికి తోలు" అంది తాతతో.

"చిన్నోడు రానియ్యరాదూ... వాని పెండ్లాం గదా" అన్నాడు తాత. బాబాయి ఊరివాళ్ళ బండిలో కందులు వేసుకుని బీదర్ అంగడికి వెళ్ళాడు.

"వాడొచ్చేదాకా నేనుండొద్దా!"

తాత లేచి బండి సర్దడానికి పోయాడు.

తన తప్పేమిటో చిన్నమ్మకు తెలియదు. సైగలతో సందుగ సర్దుకోమన్నారని మాత్రం తెలిసింది. పాట మానేసింది. పాట లేక తమ్ముడు ఒకటే ఏడుపు. ఆమె వాణ్ణి భుజాన వేసుకుని తిరుగుతూ, తనూ చప్పుడు లేకుండా ఏడుస్తూ...

ఆ రాత్రి నాకు అనుమానం పట్టుకుంది. నేను చెప్పిన అర్థం నిజమేనా? నిజమైతే అలా పాడే మనిషి పిల్లాణ్ణి అంత ముద్దుగా ఎందుకు ఎత్తుకుంటుంది?

తెల్లారేసరికి తాత ఎద్దులను బండికి కడుతున్నాడు. నేను కిరస్తానీల వాడలో శాంతమ్మక్క ఇంటికి ఒకటే పరుగు. ఆమె వయసులో ఉన్నప్పుడు బీదర్‌లో దవాఖానలో పనిచేసిందట. జ్వరమొస్తే మాత్రలిచ్చేది. కన్నడం బాగా వచ్చు.

"అక్కా, కన్నడంల కాడంటే ఏంది?"

"అడివి. ఏమైందే, ఎందుకట్ల ఒగరుస్తున్నవ్?"

అంతా చెప్పేశాను. ఆమె మాత్రల డబ్బా చంకన పెట్టుకుని నా వెంట వచ్చింది.

నాయనమ్మ మంచం పక్కనే చిన్నమ్మను కూర్చోబెట్టి, కన్నడంలో ఏదో చెప్పి, పాడమంది. చిన్నమ్మ బెదురుతూ బెదురుతూ పాట ఎత్తుకుంది...

"అత్తె కాడిగె హోగ్యాళ... నేరళెహణ్ణు తరతాళ... నినగొందు... ననగొందు..."

"ఇను పెద్దమ్మా" అంది శాంతమ్మక్క. "అత్త అడివికి పోయింది, నేరేడుపండ్లు తెస్తది, నీకొకటి నాకొకటి అని పిల్లగాన్ని ఊకుంచుతుంది. గా అత్తవు నువ్వు గాదు. గీ పిల్లగాని మేనత్త."

నేను ముందుకు వచ్చాను. "తప్పు నాదే నాయనమ్మా... నాకు రాకున్నా వచ్చినట్టు చెప్పిన."

నాయనమ్మ నన్ను చూసింది, చిన్నమ్మను చూసింది. వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టింది.

"నీకొకటి, నాకొకటి... మరి తెచ్చినదానికి ఒక్కటి గూడ లేదా?"

శాంతమ్మక్క పగలబడి నవ్వింది. ఆ మాట కన్నడంలో చెప్పగానే చిన్నమ్మ కూడా నవ్వింది, కళ్ళు తుడుచుకుంటూనే.

నాయనమ్మ ఆమె వైపు చేయి చాపింది. "నీళ్ళియ్యి బిడ్డా." తర్వాత నాతో, "నువ్వు జల్దీ పోయి ఎద్దుల ఇప్పుమను మీ తాతను!"

అబ్బ... ఆ రోజు వాకిట్లోకి ఎలా ఉరికానో! నేను చెప్పకముందే తాత కాడి మీది తాళ్ళు విప్పుతున్నాడు. లోపలి నవ్వులు ఆయనకూ వినపడ్డాయేమో.

చేదు మాత్రలు మింగి నాయనమ్మ వారంలో లేచి కూర్చుంది. బాబాయి వచ్చి జరిగింది విని, నా చెవి మెలిపెట్టాడు. చిన్నమ్మ మాత్రం తిట్టలేదు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పాటలో మాట మాటకూ అర్థం చెప్పింది. సగం సైగలతోనే...

ఇప్పుడు మా మునిమనవళ్ళను ఫోనే నిద్రపుచ్చుతోంది. ఎన్ని భాషల పాటలో... అర్థం కాకపోతే ఇంకోటి నొక్కుతున్నాం. పాడేవాళ్ళ పక్కన కూర్చుని "ఏమంటున్నవ్?" అని అడిగే అవసరమే లేకుండా పోయింది.

మీ ఇంట్లోనూ ఒక పాటను తప్పుగా విని గొడవ తెచ్చుకున్నవాళ్ళు ఉండే ఉంటారు... ఆ పాటేదో చెప్పండి. మనవరాలి చేత చదివించుకుని వింటాను.