గుగ్గిలం కింద తడి

కరోనాకు ముందు ఏడాది, వానలు తగ్గాక, మా దీవిలో హోప్ టౌన్ ఒడ్డున ఎర్రన్న డోంగీకి, అంటే అతని చేపల పడవకి, కాకింగ్ చేశాను. పలకల మధ్య సందుల్లో దూది దట్టించి, దాని మీద నూనెతో కరిగించిన గుగ్గిలం వేడివేడిగా పూయడమే కాకింగ్. నా జీవితమంతా చేసిన పని అదే. అక్షరాలు ముసలితనంలో నేర్చాను కాబట్టి నగిషీలు రావు, జరిగింది రాస్తాను.

నీళ్లలోకి దించిన కొద్దిరోజులకే, నడిసముద్రంలో ఉండగా డోంగీ అడుగున నీరు ఊరింది. ఎర్రన్న తోడుకుంటూ తోడుకుంటూ చచ్చీచెడీ ఒడ్డున పడ్డాడు. తిన్నగా నా దగ్గరికే వచ్చాడు.

“సచ్ బోలో బాబాయ్. గుగ్గిలంలో ఏటి కలిపినావు?”

ఏమీ కలపలేదంటే నమ్మలేదు. నేను కల్తీ చేశానని ఒడ్డంతా చెప్పాడు. పని ఇస్తామన్న వాళ్లు మొహం తిప్పుకున్నారు. నా అనుమానం మాత్రం గోల్ ఘర్ బజారులో నూనె అమ్మిన షాపువాడి మీద. అందులో నీళ్లు కలిపి ఉంటాడనుకున్నాను.

మిగిలిన గుగ్గిలం, నూనె ఎర్రన్న ఎదుటే పొయ్యి మీద పెట్టాను. నూనె కంటే ముందే నీరు ఉడుకుతుంది. తడి ఉంటే చిటపటమని నురగ పొంగి మీదికి చిమ్ముతుంది. ఇది చప్పుడు చెయ్యకుండా కరిగి తేనెలా జారింది. షాపువాడి తప్పు లేదు. ఎర్రన్న చూపు మళ్లీ నా మీదికే తిరిగింది.

డోంగీ బోర్లించి ఉలితో ఒక పెచ్చు లేపాను. దాని అడుగున అట్టుకు పడినట్టు కన్నాలు. తడి సందు మీద కాగిన గుగ్గిలం పడితే ఆ తడి ఆవిరై ఉబ్బుతుంది. చోటు చాలక పూతను పొడుచుకుని బయటికి పోతుంది. గుగ్గిలం చల్లారి బిగిశాక ఆ దారులు అలాగే ఉండిపోతాయి. సముద్రం వాటిల్లోంచే లోపలికి వస్తుంది.

పలకలు ఆరబెట్టాకే దూది పెట్టాను. మరి తడిపిందెవరు? పక్క పడవవాడికి తనంటే పడదని, వాడే నీళ్లు పోశాడని ఎర్రన్న అన్నాడు. నాకూ నిజమేననిపించింది. ఇంతలో సందులోంచి దూది పీకాను. పచ్చగా ఉంది. పసుపు.

పక్కనే నిలబడ్డ ఎర్రన్న తల్లి నూకమ్మ వదిన తల దించుకుంది.

“నానే పూజ సేసి పసుపు నీల్లు పోసాను మరిదీ, నువ్వు అన్నానికెల్లినపుడు. సందు మూసేసినాక పోస్తే అమ్మోరు లోనకెలా ఎల్తాది?”

నేను తిరిగొచ్చేసరికి పైతడి ఎండకు ఆరిపోయింది, లోపల దూది తాగినది ఆరలేదు. పడవల మీద పసుపు ఎప్పుడూ ఉండేదే కనుక ఎవరికీ తేడా తెలియలేదు.

ఎర్రన్న నన్ను పక్కకు పిలిచాడు.

“ఈ మాట మనలోనే ఉండనీ బాబాయ్. అమ్మ పరువు పోతాది.”

“మీ అమ్మ పరువు కోసం నేను దొంగనై ఉండాలా?” అన్నాను.

ఆ మాట చెవిన పడి వదిన కొంగు బిగించుకుని పడవల వైపు నడిచింది. మొదట ఆ పక్క పడవవాడి దగ్గరే ఆగింది. తర్వాత ఒక్కొక్కరి దగ్గరా ఆగుతూ, నీళ్లు పోసింది తనేనని చెప్పుకుంటూ పోయింది.

పాత దూదంతా పీకేసి మళ్లీ మొదటినుంచి చేశాను. పూత గట్టిపడ్డాక వదినే పసుపు నీళ్లు పోసింది. ఇప్పుడు గుగ్గిలం కరిగించేముందు దూదిని వేలితో నొక్కి చూస్తాను. పడవ సొంతదారుణ్ణి అడిగి లాభం లేదు. ఇంట్లో ఆడవాళ్లనే అడుగుతాను, పూజ అయిందా అని.