పండగ మాత్రలు

ఆదోనిలో ఆడపిల్లల బడిలో నేను లెక్కలు చెప్పేదాన్ని. తేదీలు రాసిపెట్టుకోవడం నాకు చిన్నప్పటి అలవాటు. గ్యాసు సిలిండరు ఏ రోజు పెట్టామో, ఏ రోజు అయిపోయిందో గోడ కేలండరు మీద పెన్సిలుతో గుర్తు పెట్టేదాన్ని. నా బహిష్టు రోజులకూ అక్కడే ఒక చుక్క. అందుకేనేమో, 1984 వేసవిలో మా ఆడబిడ్డను ఆమె అత్తగారు తెచ్చి మా ఇంట్లో దించి, "దీనికి తేదీ అంటూ లేదమ్మా, బాగు చేయించి పంపండి" అన్నప్పుడు నాకు దిగులు కన్నా ముందు ఆసక్తి కలిగింది. శరీరానికి తేదీ ఎలా తెలుస్తుంది? తెలిసింది ఎలా మరిచిపోతుంది?

ఆ అమ్మాయికి పందొమ్మిదేళ్ళు. పెళ్ళయి ఏడాదిన్నర. అత్తవారిది మంత్రాలయం దగ్గర గుడి సేవ చేసుకునే కుటుంబం. ఎప్పుడూ ఏదో ఒక పూజ, వ్రతం, తద్దినం ఉంటాయి. బహిష్టు అయితే మూడు రోజులు బయట కూర్చోవాలి, నాలుగో నాడు తలస్నానం చేసి లోపలికి రావాలి. మడి వంట చేస్తుండగా వస్తే, వండినదంతా పారబోయవలసిందే. ఈ అమ్మాయికి రెండుసార్లు అలా జరిగింది. రెండోసారి తద్దినం నాడు. భోజనానికి పిలిచిన బ్రాహ్మలు వచ్చి కూర్చున్నాక మళ్ళీ పొయ్యి అలికి, బియ్యం కడగాల్సి వచ్చింది.

"తేదీ కుదిరితే తీసుకపోతా. లేకుంటే ఈడనే ఉండనీ" అని అత్తగారు బస్సెక్కింది. మా అత్త అప్పటికే పోయింది. కాబట్టి ఆ పిల్ల కాపురం నిలబెట్టే పని నా మీద పడింది.

మొదట తేదీలు అడిగాను.

"పోయినసారి ఎప్పుడయినావు?"

"ఏకాదశి అయినాక రెండో నాడు వదినా."

"అంతకు ముందు?"

"ఉగాది అయినాక మూడో నాడు. అంతకు ముందు శివరాత్రి అయినాక. మధ్యలో ఒకసారి తద్దినం రోజు, అది నీకు తెలిసిందే కదా."

తేదీలు అడిగితే తిథులు చెప్పింది. పంచాంగం దగ్గర పెట్టుకుని వాటిని, ఇంకా వెనకటివాటిని కూడా అడిగి, తేదీలుగా మార్చాను. ఒకసారి ఇరవై రెండు రోజులకు వచ్చింది, ఒకసారి పదిహేడుకు, ఇంకోసారి నలభై నాలుగుకు. పౌర్ణమితో పోల్చి చూశాను, అమావాస్యతో పోల్చాను. దేనితోనూ పొంతన లేదు. ఆ పనిలోనే నా చుక్కలు కూడా లెక్కపెట్టాను. నేను నెలకు నెల తప్పననుకునేదాన్ని. చూస్తే ఒక నెల ఇరవై ఆరు, ఒక నెల ముప్పై ఒకటి. అయినా నన్ను ఎవరూ ఎక్కడా దించి పోలేదు.

పక్కింటామె నువ్వులూ బెల్లం పెట్టమంది. పెట్టాను. అమ్మాయి ఇష్టంగా తిన్నది, తేదీ మాత్రం దారికి రాలేదు.

జూన్‌లో ఎమ్మిగనూరు లేడీ డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆదోనిలో డాక్టర్లు లేక కాదు. అక్కడ వరుసలో నా బడి పిల్లల తల్లులే కూర్చుని ఉంటారు. ఎమ్మిగనూరులో మమ్మల్ని ఎరిగినవాళ్ళు లేరు. ఆవిడ ఇంటి ముందు గదిలోనే చూసేది. వెనక వీధి మగ్గాల చప్పుడుకు మాట కొంచెం గట్టిగా చెప్పాల్సి వచ్చేది.

ఆవిడ ముందు గర్భం లేదని పరీక్ష చేయించింది. కింది రెప్ప లాగి చూసి రక్తం తక్కువుందన్నది. మెడ తడిమింది. బరువు తూచింది.

"ఏమన్నా మందులు వాడతాండావా?"

"లేదమ్మా."

"ఏవీ లేవా?"

"ఏవీ లేవు."

నాకు వింతగా తోచిన సంగతి ఒకటి చెప్పాను. ఈ అమ్మాయికి ప్రతిసారీ ఏదో ఒక పూజ అయిన రెండు మూడు రోజులకే వస్తుంది, పూజ నాడు రాదు. తద్దినం నాడు వచ్చినా, దానికి రెండు రోజుల ముందు ఇంట్లో వ్రతం జరిగింది.

డాక్టరు అమ్మాయి వైపు తిరిగింది. "పూజకు ముందు, రాకుండా ఏమన్నా మాత్ర వేసుకుంటావా?"

"అవా? వేసుకుంటా. పండగ మాత్రలు. మా అత్త తెప్పిస్తుంది."

"మందులు ఏవీ లేవంటివే."

"అవి మందులు కాదు కదమ్మా. మడి కోసం."

డాక్టరు నవ్వలేదు. "లోపల గుడ్డు తయారై విడుదలైతే, దాదాపు రెండు వారాలకు బహిష్టు వస్తుంది. అది శరీరం వేసుకునే లెక్క. మాత్ర వేస్తే రావలసింది ఆగుతుంది. మానితే, దాని రోజు కాకున్నా, రెండు మూడు రోజుల్లో వచ్చేస్తుంది. ఎప్పుడో ఒకసారి అయితే పరవాలేదు. నెలనెలా ఆపుతాంటే అది ఎప్పుడని లెక్క వేసుకోవాల?"

"తేదీ కుదరడానికి మందు ఇస్తారా?" అన్నాను.

"ముందు ఆ మాత్రలు మాననీ. నాలుగైదు నెలలు చూడు. ఇరవై ఒకటికీ ముప్పై అయిదుకీ మధ్య ఎప్పుడు వచ్చినా భయం లేదు. మూడు నెలలు రాకపోయినా, వచ్చి వారం దాటి ఆగకపోయినా, గంటకో గుడ్డ తడిసినా వెంటనే తీసుకురా." రక్తానికి మాత్రలు రాసి ఇచ్చింది.

అమ్మాయి చీటీ చూసి అడిగింది. "ఇవి మందులేనా?"

"ఇవీ మందులే. అవీ మందులే."

ఆ తర్వాత వచ్చింది నలభై మూడో రోజున. ఆ చివరి వారమంతా నేను బడి నుంచి రాగానే ఆమె మొహం చూసేదాన్ని. "అడగద్దు వదినా, అయితే నేనే చెప్తా" అని విసుక్కునేది. తర్వాతిది ముప్పై ఆరుకు, ఆ పైది ముప్పై మూడుకు, ఆ పైది ముప్పై నాలుగుకు. బుగ్గల్లోకి కొంచెం రంగు కూడా వచ్చింది.

కార్తీకంలో అత్తగారు వచ్చింది. కాళ్ళు కడుక్కోగానే, "ఏమ్మా, కుదిరినాదా?" అంది.

"కుదిరింది అత్తా. ముప్పై మూడు, ముప్పై నాలుగు."

"అంటే ఒక్క తేదీకి రాదా?"

"ఎవరికీ రాదు. నాకూ రాదు."

మాత్రల సంగతి డాక్టరు చెప్పినట్టే చెప్పాను. ఆవిడ అంతా విని, "సరే. తద్దినం నాడే వస్తే?" అంది.

నేను నోరు తెరిచేలోగా ఆడబిడ్డ వాకిలి దగ్గర నుంచి అంది. "వస్తే బయట కూర్చుంటా అత్తా. మాత్రలు మాత్రం వేసుకోను. అట్లయితేనే బస్సెక్కుతా."

ఆ పిల్ల అత్తకు ఎదురు చెప్పడం నేను వినడం అదే మొదలు. ఆవిడ కోడల్ని కాక నన్ను చూసింది. "మరి ఎవరు వండాల? నా మోకాళ్ళు చూసినావు కదా."

"మీ అబ్బాయి ఏం పని చేస్తాడత్తా?"

"తెలీనట్టు అడుగుతావేమి? గుళ్ళో వంట."

"ఎంతమందికి?"

"పండగైతే రెండు వందల మందికి." చెప్పాక ఆవిడకు అర్థమైంది. "లెక్కల టీచరుతో మాట్లాడితే ఇదే తంటా."

మోకాలు రుద్దుకుంటూ మళ్ళీ అంది. "మా కాలంలో ఇంట్లో ఆరుగురం ఆడవాళ్ళం. ఒకతె కూర్చుంటే ఇంకొకతె లేస్తాండె. యా మాత్రా లేదు. ఇప్పుడు ఇది ఒక్కతే."

అది నాకు తట్టని సంగతి. పని అప్పటిదే, చేతులు మాత్రం రెండే మిగిలాయి. తక్కువపడిన అయిదుగురి బదులు ఆ ఇంట్లోకి మాత్ర వచ్చింది.

"వానికి చెప్తాలే" అంది ఆవిడ చివరికి. "గుళ్ళో చేయి అలవాటు, ఇంట్లో నలుగురికి వండినా ఉప్పు జాస్తి వేస్తాడు. తినాల్సిందే."

ఆడబిడ్డ లోపలికి పోయి చీరలు మడతపెట్టడం మొదలుపెట్టింది.