బూడిద కుండలో బరాత్ టేపు

మినీ డీవీ టేపులతో పెళ్లి వీడియోలు తీసిన రోజుల్లో వనపర్తి స్టూడియోల వాళ్లకు నేనొక నవ్వులాట. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దగా ఉండే ఆ టేపును వాళ్లు ఏ కంపెనీది దొరికితే ఆ కంపెనీది కొని కెమెరాలో వేసేవారు. నేను మాత్రం ఒకే కంపెనీది, అందులోనూ ఒకే రకం కొనేవాణ్ని. ఊళ్లో దొరకకపోతే కర్నూలు పోయి తెచ్చుకునేవాణ్ని.

"పిల్లను జూసినట్టు జూస్తవేందే టేపును! జాతకం గూడ కలవాల్నా?" అని పక్క స్టూడియో తమ్ముడు ఎక్కిరించేవాడు.

ఇది నాకు ఎవరూ నేర్పలేదు. లెక్క నేర్పింది. తెర మీద బొమ్మ గళ్లు గళ్లుగా పగిలినప్పుడల్లా ఆ రోజు కెమెరాలో ఉన్న టేపు ఏదో, దానికి ముందు వేసింది ఏదో గుర్తుపెట్టుకునేవాణ్ని. కొంతకాలానికి సంగతి తేలింది. ఈ కంపెనీ టేపుదీ తప్పు కాదు, ఆ కంపెనీ టేపుదీ కాదు. మార్చడమే తప్పు. టేపు సాఫీగా జారడానికి ఒక్కో కంపెనీ ఒక్కో పూత పూస్తుంది. ఒకరి పూత మీద ఇంకొకరి పూత పడితే టేపు మీది బొమ్మను చదివే కెమెరా హెడ్డు మీద జిగురు కడుతుంది. వియ్యపురాళ్లిద్దరూ విడివిడిగా మంచివాళ్లే, ఒకే వంటింట్లో పెడితేనే మాడు వాసన వస్తుంది.

టేపు నిండాక కూడా నా చాదస్తం ఆగేది కాదు. మొదటికంటా వెనక్కు తిప్పేవాణ్ని. సగంలో ఆపిన టేపు ఏళ్ల తరబడి అలాగే ఉంటే అక్కడే వదులైపోతుంది. ఆ తర్వాత గడియ వేసేవాణ్ని. టేపు వీపున గోరుతో జరిపే చిన్న మీట ఒకటి ఉంటుంది, దానికి మేం పెట్టుకున్న పేరు గడియ. అది పడ్డదంటే కెమెరా ఆ టేపును చూపిస్తుంది గాని, దాని మీద కొత్తగా ఒక్క బొమ్మ కూడా ఎక్కించదు. ఎర్ర బటన్ ఎన్నిసార్లు నొక్కినా మూలన ఒక గుర్తు మిణుకు మిణుకుమంటుంది, అంతే. తీసిన పెళ్లి మీద పొరపాటున ఇంకో పెళ్లి ఎక్కకుండా ఈ జాగ్రత్త.

సీడీలు తయారయ్యాక అసలు టేపులు పెళ్లివారికే ఇచ్చి, "పొడి జాగాలో, నిలబెట్టి పెట్టుకోండి" అని చెప్పేవాణ్ని. ఎవరికి తోచిన పొడి జాగా వాళ్లది. ఒకరు బీరువాలో పట్టుచీరల మడతల్లో దాచారు. ఒకరు దేవుడి గూట్లో పెట్టి ప్రతి దసరాకూ పసుపు కుంకుమ పెట్టారు. ఆ కుంకుమ దులపడానికి నాకు ఒక పూట పట్టింది. అయితే అందరికన్నా శ్రద్ధగా దాచింది గోపాల్‌పేటలో ఉండే మా పెద్దమ్మ. మా అమ్మకు అక్క.

పెద్దమ్మ ఒక్కగానొక్క కూతురు నాకు చెల్లెలు. రెండుసార్లు కుదిరినట్టే కుదిరి తప్పిపోయిన తర్వాత మూడోసారికి నాగర్‌కర్నూల్ సంబంధం నిలబడింది. ఆ పెళ్లి వీడియో నేనే తీశాను. పొద్దుగూకే వేళ పెళ్లికూతుర్ని సాగనంపే ఊరేగింపు, బరాత్, కదిలింది. చెల్లె కారులో కూర్చొని కొంగు ముఖం మీదికి లాక్కొని ఏడుస్తోంది. కూతుర్ని పట్టుకొని ఏడవాల్సిన పెద్దమ్మ డప్పు మోత వినగానే చెంగు నడుముకు దోపి, కారు ముందుకొచ్చి చిందులేస్తూ ఎగిరింది. ఊరికే చేతులు ఊపడం కాదు. డప్పుల వాళ్లే రెండడుగులు వెనక్కు జరిగి జాగా ఇచ్చారు.

మర్నాటి నుంచి ఊరి నోళ్లు మొదలయ్యాయి. "బిడ్డ పోతుంటే తల్లి ఏడుస్తది గాని ఎగురుతదా?" అన్నారు. పెద్దనాన్న మూడు దినాలు పెద్దమ్మతో మాట్లాడలేదు. సీడీలో ఆ ముక్క తీసేయమని ఆమె నాకు కబురు పెట్టింది. తీసేశాను. అసలు టేపు మాత్రం ఉన్నదున్నట్టుగా ఆమె చేతికే ఇచ్చాను. ఆ నాటి నుంచి పెద్దమ్మ మాట ఒక్కటే: "నేనా? ఎగురుడా? చీకట్ల ఎవల్ని జూసిన్రో ఏమో!" అక్కడితో ఆగిందా, ఆడవాళ్లు బరాత్‌లో కాలు కదపడమే తప్పని అందరికీ బుద్ధి చెప్పే పెద్దమనిషి అయి కూర్చుంది. పెద్దనాన్న పోయాక మరీ గట్టిగా పట్టుకుంది.

ఇప్పుడు చెల్లె కూతురి పెళ్లి కుదిరింది. మొన్నొక రోజు ఆ పిల్ల తల్లిని వెంటేసుకొని వనపర్తిలో నా స్టూడియోకు వచ్చింది.

"మామా, ఒక్క మాట నిజం చెప్పు. అమ్మమ్మ ఎగిరిందా లేదా?"

"కెమెరా పట్టినోడు సాక్ష్యం చెప్పడు బిడ్డా. టేపు చెప్తది."

"నా బరాత్‌ల నేను ఎగరాలె, అమ్మ ఎగరాలె. అమ్మమ్మేమో ఇంటి ఆడోళ్లు ఒక్కరు కాలు కదిపినా పెండ్లికే రానంటుంది. ఆమె రాకుంటె నాకు ఆ పెండ్లి ఎందుకు? నువ్వే ఏమన్న జెయ్యి."

"నువ్వు చూడలేదా?" అని చెల్లెనడిగాను.

"నేను కొంగుల మొకం పెట్టుకోని ఏడుస్తుంటినే అన్నా. నాకేం గనపడ్తది?" అంది చెల్లె. తన పెళ్లిలో అన్నింటికన్నా మంచి ఘట్టం తప్పిపోయిందన్న బాధ ఆ గొంతులో ఇంకా ఉంది.

పాత కెమెరాను నేను అమ్మలేదు. దాన్నీ, ఎరుపు తెలుపు పసుపు కొసల వైరునూ సంచిలో వేసుకున్నాను. ముగ్గురం గోపాల్‌పేట పోయాం.

పెద్దమ్మ వాకిట్లో కూర్చొని పల్లికాయలు ఒలుస్తోంది. విషయం వింటే కోప్పడుతుందనుకున్నాం. ఆమె హాయిగా నవ్వింది.

"టేపు జూస్తరా? జూడుండ్రి. అండ్ల నేను ఎగిరినట్టుంటె మీరందరు ఎగురుండ్రి, నేను గూడ మీ ముందల ఎగుర్త. లేకుంటె మాత్రం పిల్లా, ఈ ముచ్చట మళ్ల ఎత్తొద్దు. తలకాయ ఒంచుకోని కార్ల కూసోని పోవాలె. ఒప్పుకుంటవా?"

ఆ ధైర్యం చూసి పిల్ల ముఖం చిన్నబోయింది. నా వైపు చూసింది. నాకూ అర్థం కాలేదు. ఎగిరిన మనిషి ఇంత ధీమాగా పందెం కట్టడమేమిటి?

"ఒప్పుకుంట," అంది పిల్ల చివరికి.

పెద్దమ్మ లోపలికి పోయి ఒక కుండ తెచ్చింది. వచ్చే ఏటి కంది విత్తనాలు దాచే కుండ. నిండా బూడిద, మధ్యలో ఎండిన వేపాకు. అందులో చెయ్యి పెట్టి రవికె గుడ్డలో కట్టిన మూట ఒకటి పైకి తీసింది. మూటలో టేపు.

"బూడిదలో పెట్టినవా పెద్దమ్మా!"

"పొడి జాగల పెట్టుమని నువ్వే అంటివి గదరా. బూడిది కన్న పొడి ఏముంటది? నా కందులకు ఒక్క పురుగు వట్టలే. నీ టేపుకు వట్టిందా, జూడు."

చూశాను. పురుగూ లేదు, బూజూ లేదు. పైపెట్టె మూలల్లో మాత్రం కాస్త బూడిద చేరింది. నోటితో ఊదితే తడి తగులుతుందని కుంచెతో దులిపాను. దులుపుతుంటే రెండు సంగతులు కంటబడ్డాయి. ఒకటి, నేను మొదటికంటా తిప్పి ఇచ్చిన టేపు ఇప్పుడు సగం దాటి ఆగి ఉంది. అంటే ఎవరో దీన్ని ఏదో కెమెరాలో వేశారు. రెండు, గడియ వేసినది వేసినట్టే ఉంది.

"పెద్దమ్మా, దీన్ని ఎవరన్న మిషన్ల వేసిండ్రా?"

"ఎవలేస్తర్రా! కుండల ఉన్నదానికి కాళ్లొస్తయా?" అంది. పల్లికాయ ఒలిచే వేళ్లు మాత్రం ఒక్క క్షణం ఆగాయి.

నేను లోలోపల లెక్క కట్టుకున్నాను. ఆ లెక్క ఎటు తేలుతోందో తెలిశాక నాకు నవ్వు ఆపుకోవడం కష్టమైంది. "పాత టేపు, వెంటనే చూడకూడదు. ఒకసారి చివరి దాకా ఉరికించి వెనక్కు తేవాలె," అన్నాను. అది నిజమే. చాలాకాలం కదలని టేపు చుట్లు అలా చేస్తేనే సమానంగా బిగుస్తాయి. కానీ ఆ రోజు నాకు తొందర లేకపోవడం కూడా నిజమే. కెమెరా గుర్రుమంటూ తిరుగుతున్నంతసేపూ పిల్ల గోళ్లు కొరుక్కుంది. పెద్దమ్మ కూనిరాగం తీసింది.

ఇంట్లోని టీవీకి వైరు తగిలించాక పెద్దమ్మ చాట పట్టుకొని వచ్చి కూర్చుంది. బొమ్మ పడింది. గళ్లు లేవు, గీతలు లేవు. జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, భోజనాల బంతి అన్నీ వచ్చాయి. "ఇగ బరాత్ వస్తది," అన్నాను.

"ఏం రాదు. నల్లగ వస్తది," అంది పెద్దమ్మ. అని నాలుక కరుచుకుంది.

"నల్లగ వస్తదని నీకెట్ల తెలుసు అమ్మమ్మా?"

జవాబు టీవీ చెప్పింది. డప్పు మోగింది. నడుముకు చెంగు దోపుకొని పెద్దమ్మ, ఇంత పెద్ద బొమ్మ, కారు ముందుకు దూకింది.

పిల్ల కేక వేసి లేచింది. చెల్లె నోటి మీద చెయ్యి పెట్టుకొని, "అమ్మో, మా అమ్మ!" అంది. పెద్దమ్మ ఒళ్లోని చాట పక్కకు ఒరిగి పల్లికాయలు ఇల్లంతా పడ్డాయి.

"ఓరి వాని! చెరిపిన అన్నడు గద వాడు!"

"ఎవడు?"

"గద్వాలల స్టూడియోవాడు! నువ్వెట్లనూ చెరపవని అంత దూరం బస్సెక్కి పోయిన. బరాత్ ఒక్కటి నల్లగ జెయ్యి, పెండ్లి పెండ్లిగనే ఉండాలె అంటే, అయిపోయిందమ్మా, పో అన్నడు. గంపెడు పల్లికాయలు పెట్టిన్రా వానికి! గంపెడు! అన్ని తిన్నడు!"

పాపం అతను బరాత్ దాకా తిప్పి, అక్కడ ఎర్ర బటన్ నొక్కి చాయ్‌కి పోయి ఉంటాడు. మూలన మిణుకుమనే గుర్తును చూసుకొని ఉండడు. నేను గడియ సంగతి చెబితే పెద్దమ్మ కెమెరాలోంచి టేపును తీసి గోరుతో తడిమి చూడబోయింది. "అది తిరుగుతున్నది, ఆగు," అని ఆపాను.

అప్పుడే పిల్ల టీవీ దగ్గరికి పోయి వేలు పెట్టింది. "అమ్మమ్మా, నీ యెనుక జూడు. తాత!"

జనంలో పెద్దనాన్న. ఎప్పుడూ ముడిచిన కనుబొమలు విప్పని మనిషి. అటూ ఇటూ చూసి, ఎవరూ తనను చూడటం లేదనుకున్నాక, చేతికర్ర పైకెత్తి పెద్దమ్మ వేసినట్టే రెండడుగులు వేశాడు. వెంటనే కర్ర దించి మీసం సవరించుకున్నాడు. ఆ నాడు సీడీకి పనికిరాదని ఆ ముక్కను నేనూ సరిగ్గా చూడలేదు.

పెద్దమ్మ టీవీకి దగ్గరగా జరిగి కూర్చుంది. తర్వాత, "మళ్లొక్కపారి బెట్టు," అంది. పెట్టాను. ఇంకొకసారి కూడా పెట్టించుకుంది.

"గీ మన్షి గూడ ఎగిరిండా! ఎగిరి, ఇంటికొచ్చి మూడు దినాలు మూతి ముడుసుకోని కూసున్నడా! ఇయ్యాల ఉంటె అడుగుదును, కర్ర గుంజుకోని అడుగుదును!" కళ్లు తుడుచుకుంటూనే తిట్టింది. తిట్టి తిట్టి, పిల్ల వైపు తిరిగింది. "డీజే గీజే నాకు తెల్వదు. డప్పు పెట్టియ్యుండ్రి. దానికే నాకు కాలు లేస్తది."

నాగర్‌కర్నూల్‌లో పెళ్లి జరిగింది. ఇప్పుడు టేపులు లేవు, నా కెమెరాలో గోరంత మెమరీ కార్డు. బరాత్ కదిలే ముందు పెద్దమ్మ చెంగు దోపుకుంటూ నా దగ్గరికొచ్చి చెవిలో అడిగింది.

"దీనికి గూడ ఆ గడియ ఉన్నదారా?"

"ఉన్నది పెద్దమ్మా. కార్డు పక్కన, చిన్నగ."

"నేను ఎగురుడు అయినంక మంచిగ వెయ్యి. ఎన్ని గంపలు తిన్నోనితోని గూడ చెరగొద్దు," అని చెప్పి, మనవరాలి చెయ్యి పట్టుకొని డప్పుల ముందుకు పోయింది.