టెంకాయ లేచి నిలబడిన పొద్దు

మే నెల రెండో శుక్రవారం, మా చేన్లో నీళ్లు చూడటం పొద్దున ఆరుంబావుకు మొదలైంది. (అమ్మ ఆరు గంటలకే అనేది. పావగడ బస్సు అప్పుడే వెళ్లింది కాబట్టి నా లెక్కే సరి.) ఆ రోజుల్లో మా క్యాతగానచెర్లులో నేల కింద నీళ్లున్నాయో లేవో తేల్చే అధికారం టెంకాయకు ఉండేది. అరచేతిలో దాన్ని పడుకోబెట్టుకుని చేనంతా నడిచేవారు. ఎక్కడ లేచి నిలబడితే అక్కడ బోరు. ‘ఓ’ గ్రూపు రక్తం ఉన్నవాళ్ల చెయ్యే అందుకు పనికొస్తుందని నమ్మకం (రక్తానికీ పాతాళానికీ ఏం చుట్టరికమో!). నీళ్లు చూసే టెంకాయ తాతకు ఆ వారం చెయ్యి బెణికింది. పావగడ కాలేజీలో పియుసి (ఇంటరుకు మా వైపు పేరు) మొదటి ఏడు ముగించి వచ్చిన నాది ఆ గ్రూపేనని అమ్మ అప్పటికే ఊరంతా చాటింది.

"నీళ్లు పడితే సదువుకో పాపా. పడకపోతే నా చేతిలో ఏముండాది?" అంటూ నాయన నా అరచేతిలో టెంకాయ పెట్టాడు.

ఆ మాటతో నా ఒంట్లో పాఠం మొదలైంది. ఆ ఏడు నాకు వంటబట్టింది నాడీమండలం ఒక్కటే. మెదడు, వెన్నుపాము కూర్చుని పెత్తనం చేస్తాయి. వాటి నుంచి నరాలు ఒళ్లంతా పాకుతాయి. చెయ్యి ఎత్తమంటే ఎత్తేవి కొన్ని. మన మాట వినకుండా గుండెనూ పేగులనూ నడిపేవి కొన్ని. ఈ మాట విననివాటిలోనూ రెండు పాయలు: ఒకటి ఆపద వస్తే తరుముతుంది, ఇంకొకటి ఆపద పోయాక నిమ్మళపరుస్తుంది. మొదటిది బయలుదేరింది. నోరెండింది, గుండె దడదడలాడింది, వేళ్లు వణికాయి. రెండోదాని జాడే లేదు. చేను మూలకు చేరేసరికి ఆ వణుకుకు టెంకాయ లేచి నిలబడింది.

"ఆడే! గుంజ పాతప్పా!" అని గట్టు మీద కూర్చున్న టెంకాయ తాత కేక వేశాడు.

"నీళ్లు కాదు తాతా, నరాలు! భయానికి అడ్రినలిన్ అని ఒక రసం నెత్తుట్లో కలుస్తాది, దానికి చెయ్యి వణుకుతాది."

"ఏం కలిస్తే మనకేందమ్మా? టెంకాయ లేసిందా, లేదా?"

"లేసింది, కానీ..."

"ఇంగ మాట్లాడాకు. గంగమ్మకు కోపమొస్తాది."

నాయన వైపు తిరిగాను. "నాకు భయంగా ఉండాది నాయనా, అంతే."

"నీళ్లు పడతాయంటే భయమేందే పిచ్చిదానా!" అని నవ్వాడు. ఆ ఏడాది ఆయన నవ్వగా చూసింది అదొక్కసారే.

ఆదివారం బోరు లారీ వచ్చింది. పొద్దుగూకేదాకా తెల్లటి పొడిదుమ్మే లేచింది. అమ్మ సంగటి తెచ్చి "రోంత తిను" అంటే, నాయన ముద్ద నోట్లో పెట్టుకుని మింగలేక పక్కకు ఉమ్మేశాడు. భయం పట్టినప్పుడు నోరెండుతుంది, పేగులు పని మానుకుంటాయి. అదీ నా పుస్తకంలో ఉంది. ఈసారి ఎవరికీ చెప్పలేదు.

లారీ కదిలాక తాత తీర్పిచ్చాడు: "గంగమ్మ ఉన్నింది. ఈ పిల్ల వాగుడుకు జరిగిపోయింది."

ఇప్పుడా చేను నిండా సోలార్ పలకలు. వాటిని కడిగే నీళ్లు ట్యాంకరులో వస్తాయి. బీపీ చూసే డాక్టరు నాకు నరాల సంగతి వివరిస్తుంటే, పదిహేడేళ్ల పిల్లొకతె నా లోపలి నుంచి ఆయన్ను సరిదిద్దబోతుంది. "మాట్లాడాకు" అని దాన్ని కూర్చోబెట్టి, ముసలిదాన్ని నేను బుద్ధిగా తలూపుతాను.

ఆ బోరు ఖర్చుకు పోయినవి: జత ఎద్దులు. అమ్మ గొలుసు. పియుసి రెండో ఏడు.