సగం ట్యాంకు

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం మా అపార్టుమెంటులో కరెంటు పోయింది. కింద జనరేటరు ఒక్క నిమిషం గుడగుడమని ఆగిపోయింది. నేను మందుల షాపుకి వెళ్దామని మెట్లు దిగేసరికి వాచ్‌మన్, ఎలక్ట్రీషియన్ దాని ముందు గొంతుక్కూర్చుని ఉన్నారు. ఎలక్ట్రీషియన్ ఫిల్టరు మీద స్క్రూ వదులు చేసి చిన్న చేతిపంపు టకటకా నొక్కుతున్నాడు. నురగ నురగగా డీజిల్ వచ్చి వాడి వేళ్ళ మీదుగా కారుతోంది. ఆ వాసనకి నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. "బాబూ, ట్యాంకులో డీజిల్ సగం కంటే తక్కువ గాని ఉందా?" అని అడిగాను. డెబ్బై దాటిన ముసలావిడ అలా అడిగేసరికి వాడు తలెత్తి వింతగా చూశాడు. "సగం కాదు మామ్మగారూ, అసలు లేదు. ఈయన పోయించడం మర్చిపోయాడు" అని వాచ్‌మన్ వైపు చూపించాడు. ముగ్గురం నవ్వుకున్నాం. మందుల షాపుకి వెళ్ళకుండానే నేను మళ్ళీ మెట్లెక్కి వచ్చేశాను. ఆ సాయంత్రమంతా మా అక్క గుర్తొస్తూనే ఉంది.

పంతొమ్మిది వందల డెబ్బైలలో మాకొక కారుండేది. పటమటలో మా వీధిలో అదొక్కటే కారు కాబట్టి కొన్నాళ్ళు గొప్పగానే ఉండేది గాని, ఆ గొప్ప ఎక్కువ కాలం నిలవలేదు. కంకిపాడులో ఒక రైతు దగ్గర కొన్నారు నాన్న. ఆయన కొడుకు నాన్న దగ్గర చదువుకున్నాడు. ఆ కారు పుట్టుకతో పెట్రోలుది. పెట్రోలు ధర మండిపోయిన రోజుల్లో ఆ రైతు దాని ఇంజను ఊడదీయించి, ఎక్కడిదో డీజిల్ ఇంజను తెచ్చి అందులో ఎక్కించాడు. ఒళ్ళు ఒకరిది, గుండె ఒకరిది. స్టార్టు చేస్తే అద్దాలన్నీ గలగలలాడేవి. ఆదివారం ఆరాధన అయ్యాక చివరి ప్రార్థన పూర్తయ్యేదాకా బండి తీయవద్దని పాస్టరు గారు నాన్నకి మెల్లగా చెప్పవలసి వచ్చింది. ఎడమవైపు వెనక తలుపు బయట నుంచే తెరుచుకునేది. స్టీరింగు ముందర వరసగా ఉన్న మీటర్లలో అన్ని ముళ్ళూ చచ్చిపడి ఉండేవి, ట్యాంకులో డీజిల్ ఎంతుందో చూపే ముల్లు తప్ప. అదొక్కటే నిజం చెప్పేది.

స్టార్టు చేసే ముందు ఒక బొత్తాం నొక్కి పట్టుకుని ఇంజను లోపల వేడెక్కేదాకా ఆగాలి. చలికాలం అయితే ముప్పావు నిమిషం పట్టేది. అమ్మకి ఎక్కడికి బయల్దేరినా ప్రార్థన చేసుకోవడం అలవాటు. నాన్న "హీటరు నొక్కుతున్నాను, నువ్వు మొదలుపెట్టు" అనేవారు. అమ్మ కళ్ళు మూసుకుని మా అందరి పేర్లూ దేవుడికి అప్పజెప్పి ఆమెన్ అనేసరికి నాన్న తాళం తిప్పేవారు. బండి కదిలేది. "అమ్మ ప్రార్థన రెండు వాక్యాలు తగ్గితే ఈ ఇంజను లేవదు" అని అక్క నవ్వేది.

అసలు ఆ కారు కొన్నది అక్క కోసమే. హైస్కూల్లో సైన్సు చెప్పుకునే మాస్టారికి కారు షోకేమిటని బంధువులు గుసగుసలు పోయారు గాని, వాళ్ళకి తెలిసిందీ తక్కువే, నాన్న చెప్పిందీ తక్కువే. అక్కకి పదేళ్ళప్పుడు కీళ్ళ జ్వరం వచ్చింది. జ్వరం పోయింది, కీళ్ళు బాగుపడ్డాయి, గుండెలో ఒక కవాటం మాత్రం పాడైంది. ఇరవై దాటేసరికి నాలుగు మెట్లెక్కితే ఆయాసం. నెలకోసారి గుంటూరులో గుండె డాక్టరుకి చూపించాలి. బస్సులో సీటు దొరక్క మంగళగిరి దాకా నిలబడే వెళ్ళి, ఒకరోజు బస్సులోనే కూలబడిపోయింది. ఆ వారమే నాన్న కంకిపాడు వెళ్ళి కారుతో తిరిగొచ్చారు. బి.ఎ. మధ్యలో మానేసిన అక్క ఆ రోజు వీధరుగు మీద కూర్చుని ఆ కారుని చాలాసేపు చూసింది. "నాకోసం ఇంకో జబ్బుదాన్ని తెచ్చారా నాన్నా" అంది. నాన్న నవ్వలేదు.

కొన్న రెండో నెలలోనే బండి అసలు రోగం బయటపడింది. బాగా పోతూ పోతూ, దగ్గినట్టు రెండు కుదుపులు కుదిపి ఆగిపోయేది. గొట్టాల్లోకి గాలి పట్టడమన్నమాట. పెట్రోలు బండి అయితే ఎవరో తోస్తే కదులుతుంది. డీజిల్‌ది అలా కాదు. బానెట్ ఎత్తి, ఫిల్టరు స్క్రూ వదిలి, చేతిపంపు నొక్కుతూ ఆ గాలంతా నురగగా బయటికి పోయి, నిండు ధార వచ్చాక బిగించాలి. నాన్న స్పానరు పట్టుకుంటే నేను పంపు నొక్కేదాన్ని. కాలేజీకి వెళ్ళినా నా చేతుల్లో ఆ వాసన ఉండేది. పక్కనే ఆటోనగర్‌లో లారీలు బాగుచేసే మెకానిక్ ఒకాయన మా బండికి ఆస్థాన వైద్యుడు. ఫిల్టరు మార్చాడు. రబ్బరు గొట్టాలు మార్చాడు. వాషర్లు మార్చాడు. బంకులో డీజిల్‌లోనే నీళ్ళున్నాయన్నాడు. మార్చిన ప్రతిసారీ "ఇంక ఆగదండి మాస్టారూ, మీరు నిశ్చింతగా పోండి" అనేవాడు. నాన్న సంతోషంగా ట్యాంకు నింపించుకుని ఇంటికి తెచ్చేవారు. రెండు మూడు వారాలు బండి బుద్ధిగా నడిచేది. తర్వాత మళ్ళీ ఏ నంబూరు దగ్గరో, పెదకాకాని దగ్గరో దగ్గేది.

మేము బానెట్ కింద తలలు దూర్చి ఉంటే అక్క వెనక సీట్లో కూర్చుని వినేది. ఆమెకి చేయగలిగింది వినడం ఒక్కటే. ఒక వేసవిలో నంబూరు దాటాక బండి ఆగింది. రోడ్డు పక్కన నీడ లేదు, తారు కరిగి చెప్పులకి అంటుకుంటోంది. అక్క పెదాలు నీలం తిరిగాయి. అయినా కిటికీలోంచి తల బయటికి పెట్టి, "నాన్నా, ముల్లు చూడండి. సగం కింద ఉంది. పోయినసారీ అంతే. అంతకుముందూ అంతే. ట్యాంకు సగానికి పైన ఉన్నప్పుడు ఇది ఒక్కసారీ ఆగలేదు" అంది.

"సగం ట్యాంకు డీజిల్ చాలదా దీనికి? చుక్కచుక్కగా తాగే ఇంజను" అన్నారు నాన్న, చెమట తుడుచుకుంటూ.

"చాలదని కాదు. అక్కడేదో ఉంది. ట్యాంకు విప్పి చూడమనండి."

"ముప్పయ్యేళ్ళ నుంచి సైన్సు చెప్తున్నాను, నాకు తెలీదా? నువ్వు మందులేసుకుని పడుకోవడం చూసుకో. బండి సంగతి నేను చూసుకుంటాను."

నాన్న అలా మాట్లాడే మనిషి కాదు. ఎండ మాట్లాడించింది, భయం మాట్లాడించింది. అక్క తల లోపలికి తీసుకుంది. అమ్మ కొంగుతో విసురుతూ కూర్చుంది.

అయితే ఆ తర్వాత ఒక చిత్రం గమనించాం. నాన్న ముల్లు సగానికి దిగకుండానే బంకుకి వెళ్ళడం మొదలుపెట్టారు. ఎందుకని మేం అడగలేదు, ఆయన చెప్పలేదు. బండి ఆగడం మానేసింది. మెకానిక్ అదంతా తన కొత్త వాషర్ల మహిమ అనుకున్నాడు. అక్క నా చెవిలో, "ఒప్పుకోరే. ట్యాంకు మాత్రం నింపుతారు" అని కిసుక్కున నవ్వింది. నువ్వు చెప్పిందే నిజమమ్మా అని ఆయన ఒక్కసారి అంటారేమోనని తను ఎదురు చూసేదని నాకు తెలుసు. ఎందుకంటే నేనూ ఎదురు చూసేదాన్ని.

ఆపరేషను మద్రాసులో చేయించాలన్నారు డాక్టరు గారు. రోజు కూడా ఖాయమైంది. ఇంకా నెలన్నర ఉందనగా, ఒక మంగళవారం పొద్దున పదింటప్పుడు అక్కకి ఊపిరి అందలేదు. పడుకోలేదు, కూర్చోలేదు, కిటికీ ఊచలు పట్టుకుని ముందుకు వంగి నిలబడిపోయింది. నేను నాన్న స్కూలుకి పరుగెత్తాను. నాన్న చేతుల సుద్దపొడి కూడా దులుపుకోకుండా సైకిలు మీద వచ్చారు. అందరం కారెక్కాం. నాన్న బొత్తాం నొక్కి ముల్లు చూశారు. సగం గీతకి వేలెడు పైన ఉంది. ఆ వారం నింపించడం ఆలస్యమైంది. బంకుకి బందరు రోడ్డు మీద వెనక్కి వెళ్ళాలి. ఆయన చేయి తాళం మీద ఆగిపోయింది.

వెనక నుంచి అక్క ఒక్కో మాటా కూడదీసుకుంటూ అంది: "సగం పైనే ఉంది నాన్నా. పదండి. ఆగదు."

నాన్న తాళం తిప్పారు. అమ్మ ప్రార్థన ఆ రోజు బండి కదిలాక మొదలైంది, గుంటూరు దాకా ముగియలేదు. బ్యారేజీ దాటాం, తాడేపల్లి దాటాం. నేను ముందు సీట్లో కూర్చుని ముల్లు మీదే కళ్ళు పెట్టుకున్నాను. ఒక్క ఎద్దుబండి అడ్డం రాలేదు. రైలు గేటు తీసే ఉంది. మంగళగిరి, నంబూరు, పెదకాకాని, ఏయే చోట్ల స్పానరు పట్టుకుని నిలబడ్డామో అవన్నీ వెనక్కి వెళ్ళిపోయాయి. ముల్లు సగం గీత మీదికి వచ్చి వాలేసరికి ఆసుపత్రి గేటు కనిపించింది. బండి ఒక్కసారైనా దగ్గలేదు. అక్కని స్ట్రెచరు మీద ఎక్కిస్తుంటే నాన్న వైపు చూసి కళ్ళతోనే చిన్నగా నవ్వింది.

మర్నాడు మధ్యాహ్నం దాకా ఉంది. తర్వాత లేదు. డాక్టరు గారు నాన్న భుజం మీద చేయి వేసి, "మీ వైపు నుంచి ఆలస్యమేమీ లేదు మాస్టారూ. ఇంకో గంట ముందొచ్చినా ఇంతే" అన్నారు. ఊరడింపుగానే అన్నారు. కాని ఆ మాట మోయడం ఎంత కష్టమో మాకు తర్వాత తెలిసింది. దారిలో బండి ఆగిపోయి ఉంటే దాన్నైనా తిట్టుకుని ఉండేవాళ్ళం.

అక్కని మా కారులోనే ఇంటికి తెచ్చుకున్నాం. అమ్మ వెనక సీట్లో అక్క తల ఒడిలో పెట్టుకుని కూర్చుంది. డీజిల్ సంగతి ఎవరికి గుర్తుంటుంది? మంగళగిరి ఊళ్ళోకి రాబోతుండగా బండి రెండు కుదుపులు కుదిపి ఆగిపోయింది. నేను ముల్లు చూశాను. సగం కింద ఉంది. నాన్న కూడా చూశారు. స్టీరింగు మీద తల ఆనించి అలాగే ఉండిపోయారు. ఆయన ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి.

నేను దిగి బానెట్ ఎత్తి స్క్రూ వదులు చేశాను. కాసేపటికి నాన్న వచ్చి నా చేతిలోంచి స్పానరు తీసుకున్నారు. అది జారి కింద పడింది. మళ్ళీ తీశారు. మళ్ళీ పడింది. లోపల నుంచి అమ్మ గొంతు వినిపించింది. "మెల్లగా కానివ్వండి. ఇప్పుడు తొందరేముంది?"

దగ్గర్లో ఇళ్ళలో మగ్గాలు ఆడుతున్న చప్పుడు. ఒకావిడ చెంబుతో నీళ్ళు తెచ్చింది. "ఏమైందండీ, బండికి..." అంటూ వెనక అద్దంలోంచి లోపలికి చూసి మాట మింగేసింది. చెంబు కింద పెట్టి ఇంట్లోకి వెళ్ళి, నేసి మడత పెట్టిన కొత్త బట్ట ఒకటి తెచ్చింది. అక్క ముఖం మీద ఎండ పడకుండా కిటికీకి అడ్డంగా చాచి పట్టుకుని, మేము గాలంతా తీసి బండి స్టార్టు చేసేదాకా అలాగే నిలబడింది. ఆవిడ ఎవరో మేము అడగలేదు. కనీసం వెళ్ళొస్తామని కూడా చెప్పలేదు.

నెలన్నర పాటు నాన్న ఆ కారుని ముట్టుకోలేదు. మద్రాసు వెళ్ళవలసిన రోజు దాటిపోయింది. ఆ తర్వాత ఒకరోజు నన్ను తోడు తీసుకుని ఆటోనగర్ వెళ్ళి, "ట్యాంకు దించవయ్యా" అన్నారు. ఎందుకండీ, బాగానే నడుస్తోంది కదండీ అంటూనే మెకానిక్ దించాడు. ట్యాంకు లోపల డీజిల్ పీల్చే ఇనప గొట్టాన్ని బయటికి లాగి వెలుతుర్లో తిప్పి చూశాడు. సరిగ్గా నడుమన తుప్పు తిని సూదిమొనంత బెజ్జం పడింది. డీజిల్ నిండుగా ఉంటే ఆ బెజ్జం మునిగి ఉంటుంది, ఏ బాధా లేదు. మట్టం దానికి దిగువకి వస్తే అందులోంచి గాలి పీలుస్తుంది.

"ఓర్నీ! ఇన్నాళ్ళూ ఇదా సతాయించింది. ఎట్టా కనిపెట్టారండీ మాస్టారూ?" అన్నాడు మెకానిక్.

"నేను కాదయ్యా. మా పెద్దమ్మాయి" అన్నారు నాన్న. "నంబూరు దగ్గర ఎండలో చెప్పింది. నేనే కసిరాను."

మెకానిక్‌కి అక్క సంగతి తెలుసు. గుడ్డ తీసుకుని చేతులు తుడుచుకున్నాడు. నాన్న ఆ గొట్టాన్ని తన చేతిలోకి తీసుకుని బెజ్జం మీద బొటనవేలు పెట్టి నొక్కి పట్టుకున్నారు.

బెజ్జం మూయించాక ఆ బండి ఇంకో నాలుగేళ్ళు ఎక్కడా ఆగకుండా నడిచింది. అప్పటికి మేము వెళ్ళవలసిన గుంటూరు లేదు. ఆదివారాలు ఆరాధనకి, ఎప్పుడైనా కంకిపాడు వైపు పెళ్ళికి, అంతే. తర్వాత ఎవరో కొనుక్కుపోయారు. నాన్న వీధి మలుపు దాకా వెనకే నడిచి, తిరిగొచ్చి పేపరు చదువుకున్నారు. ఆయనా పోయారు, అమ్మా పోయింది.

అక్క నాకంటే రెండేళ్ళు పెద్దది. ఇరవై మూడో ఏట ఆగింది కాబట్టి మొదట నేను ఆమె వయసుకి చేరుకున్నాను, తర్వాత దాటిపోయాను, తర్వాత నా కూతురు కూడా దాటిపోయింది. ఇప్పుడు కాలేజీకి వెళ్ళే నా మనవరాలిది ఆ వయసు. అక్కా అని తలుచుకోబోతే నోటికి అమ్మాయీ అనే వస్తోంది.