నక్షత్రానికి అంటించిన ముట్టడి

ఆ రోజుల్లో ఒక్కొక్కరికి ఒక్కో పిచ్చి ఉండేది. ఇంట్లోవాళ్లు కొన్నాళ్లు తిట్టి, కొన్నాళ్లు నవ్వి, చివరికి దానితో సర్దుకుపోయేవారు. మా బాబాయికి పావురాలు, మా హెడ్ గుమస్తాగారికి హోమియోపతి మాత్రలు, నాకేమో సరిహద్దు యుద్ధాలు. ఎక్కడి సరిహద్దు అనుకున్నారు? ఎక్కడో వాయవ్యాన, గడ్డి పరక కూడా మొలవని రాళ్ల కొండల్లో, దొరల కాలంలో పటాలాలు కాపలా కాసిన సరిహద్దు. నేను పుట్టిందేమో దెందులూరు దగ్గర, ఉద్యోగమేమో ఏలూరులో కాలువల ఆఫీసులో. అప్పటికి నేను ఎక్కిన అతి ఎత్తయిన ప్రదేశం కాలువ గట్టు. (రైలు వంతెన ఇంకా ఎత్తే గానీ, దాని మీదికి ఎక్కనివ్వరు.) అలాంటివాణ్ణి, ఏ కనుమలో ఏ కొండ మీద ఫిరంగి పెడితే దారి మూసుకుపోతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. ఆఫీసులో అందరూ నన్ను 'కల్నల్‌గారు' అని పిలిచేవారు. అది వెక్కిరింత అని తెలుసు. అయినా పిలిచినప్పుడల్లా నా వెన్ను కాస్త నిటారుగా అయ్యేది.

ఈ పిచ్చి అంటించింది ఒక పత్రిక. సరిహద్దు యుద్ధాల చరిత్ర తప్ప మరో మాట ఎత్తని ఇంగ్లీషు పత్రిక. మూడు నెలలకోసారి వచ్చేదట. రిటైరైన సైనికాధికారులు రాసేవారు, వాళ్లే చదువుకునేవారు, వాళ్లలో వాళ్లే ఉత్తరాల పేజీలో కొట్టుకునేవారు. నున్నటి కాగితం మీద రంగురంగుల మ్యాపులు, తలపాగాల సిపాయిల బొమ్మలు. నాకు పరిచయమయ్యేనాటికే అది మూతపడి చాలాకాలమైంది. కాబట్టి నాకు మిగిలిందల్లా పాత సంచికల వేట. ఆ వేట తాడేపల్లిగూడెంలో ఒక పాత కాగితాల కొట్లో సాగేది. ఎవరో మిలిటరీ ఆయన ఇల్లు ఖాళీ చేసినప్పుడు ఆ పత్రికలు గోనె సంచుల్లో అక్కడికి చేరి, పాత టెక్స్టు పుస్తకాల్లోనూ క్యాలెండర్లలోనూ కలిసిపోయాయి. ఆ కొట్టు పెద్దాయన ఎవరొచ్చినా ముందు కాటా వైపు చూసి, తర్వాత మనిషి వైపు చూసేవాడు గనక ఊరంతా ఆయన్ని 'కాటా బాబాయిగారు' అనేవారు.

"ఇదేం కాగితమండీ బాబూ, చుక్క నూనె పీల్చదు," అని ఆయన వాపోయేవాడు. "బజ్జీల బండోళ్లు వద్దంటన్నారు. పకోడీ పెడితే జారిపోతందంటండి. మొత్తం గూడెంలో దీనికి గిరాకీ మీరొక్కరేనండి."

ఆ మాట నాకు ఎంతో గౌరవంగా తోచేది. సెలవు దొరికిన ఆదివారమల్లా పాసింజరు బండెక్కి గూడెం వెళ్లడం, తిరగేసిన చెక్క పెట్టె మీద కూర్చుని సంచులు తవ్వడం, బాబాయిగారు తెప్పించిన టీ తాగుతూ, "ఇంతకీ ఇందులో ఎవరు గెలిచారండీ?" అన్న ప్రశ్నకు ఓపిగ్గా జవాబు చెప్పడం. తుమ్ములతో తిరిగొచ్చే ఆ ఆదివారాల్లాంటి సుఖం ఆ తర్వాత పెద్ద జీతాల్లో కూడా నాకు దొరకలేదు.

అలా దొరికిన ఒక సంచికలో ఒక ముట్టడి కథ ఉంది. కనుమ మధ్య చిన్న మట్టికోట, లోపల గుప్పెడు సిపాయిలు, చుట్టూ శత్రువులు. తూటాలున్నాయి, రొట్టెలున్నాయి, నీళ్లు మాత్రం అయిపోయాయి. చివరికి ఆ కోటలో వంటవాడు రెండు తోలు తిత్తులు భుజాన వేసుకుని, కొండ కింద ఊట నుంచి నీళ్లు తెస్తానని వెనక గోడ దిగి వెళ్లాడు. అక్కడితో 'మిగతాది వచ్చే సంచికలో' అని ఆపేశారు. ఆ వచ్చే సంచిక నాకు రాలేదు. గూడెం సంచులన్నీ తిరగేశాను. ఏలూరులో పేవ్‌మెంటు మీద పుస్తకాలమ్మే వాళ్లందరినీ విసిగించాను. భోజనానికి కూర్చుని గ్లాసు ఎత్తితే ఆ వంటవాడే గుర్తొచ్చేవాడు.

రెండేళ్లు గడిచాక ఒక డిసెంబరు ఆదివారం బాబాయిగారు కాటా వైపు చూడకుండా నేరుగా నా వైపు చూశాడు. క్యాలెండర్ల కట్ట అడుగున దొరికిందట. అట్ట మీద ఆ మట్టికోటే. వెంటనే చదవకూడదనుకున్నాను. అంత ఎదురుచూసినదాన్ని పాసింజరు బండిలో వేరుశెనగ తొక్కల మధ్య చదవడానికి మనసొప్పలేదు. ఆ సాయంత్రం కొల్లేటి పక్కన పెద్దమ్మ ఊరు వెళ్లాల్సి ఉంది. అక్కడ అరుగు మీద, చల్లగాలిలో చదువుకోవచ్చని సంచిలో పెట్టుకుని బస్సెక్కాను.

పెద్దమ్మ గురించి చెప్పాలి. కాలేజీ రోజుల్లో నన్ను ఇంట్లో పెట్టుకుని అన్నం పెట్టి చదివించింది ఆవిడే. ఆవిడకు నా మీద ఉన్నది ఒకే ఒక్క బెంగ, నేను గుడికి రానని. మా వాళ్లకి గుడి అంటే చర్చే. ఆవిడ ప్రతి ప్రార్థనలోనూ నా పేరు ఉండేదని ఊళ్లో అందరికీ తెలుసు. ఆ ఊళ్లో ఇంకో పద్ధతి కూడా ఉంది. క్రిస్మస్‌కి గుడి ముందు కట్టే పెద్ద నక్షత్రానికి ఆడవాళ్లు ఇంటింటికీ తిరిగి రంగు కాగితం అడుగుతారు. ఏ ఇంటి కాగితం ఏ కొమ్మకు అంటిందో అందరూ చూస్తారు. ఒకసారి ఇచ్చింది మళ్లీ అడక్కూడదు, అది దేవుడికి ఇచ్చినట్టే.

నేను వెళ్లగానే పులుసు వేసి అన్నం పెట్టింది. తిన్నాను, కాస్త నడుం వాల్చాను. లేచి సంచిలో చెయ్యి పెడితే దువ్వెన, తువ్వాలు తప్ప ఏమీ తగల్లేదు.

"పెద్దమ్మా, ఇందులో పుస్తకం ఉండాలి."

"నక్షత్రానికి ఇచ్చాన్రా నాన్నా," అంది పెద్దమ్మ వెలిగిపోతున్న మొహంతో. "ఎంత నున్నగా ఉందో. ఊళ్లో ఎవరింట్లోనూ అలాంటి కాగితం లేదు. అయినా పాత కాగితాల కొట్లో కొన్నది నీకెందుకు చెప్పు?"

 గుడి దగ్గరికి పరుగెత్తి వెళ్లేసరికి మనిషెత్తు నక్షత్రం వెదురు బద్దల మీద పూర్తయి, తాటి దుంగ చివరికి ఎక్కేసింది. లోపల బల్బు వెలుగుతోంది. అయిదు కొమ్మల నిండా నా కనుమలు, నా కొండలు, నా తలపాగాలు. ఎడమ కొమ్మ మీద మట్టికోట స్పష్టంగా కనిపిస్తోంది, దాని కింద సన్నటి అక్షరాలు. కింది కొమ్మ మీద మాత్రం వేరే ఇంటివాళ్ల ఎర్ర కాగితం కొంత కప్పేసింది.

మర్నాటి నుంచి ఆఫీసు వదలగానే ఏలూరు నుంచి బస్సెక్కి ఆ ఊరు వెళ్లడం మొదలుపెట్టాను. పక్షుల పిచ్చి ఉన్న ఒక గుమస్తా దగ్గర బైనాక్యులర్స్ అరువు తీసుకున్నాను. (ఆయన వాటితో కొల్లేటి కొంగల్ని చూసేవాడు. నేనూ కొంగలాగే మెడ సాచి నిలబడేవాణ్ణి.) బల్బు వెలిగాక నక్షత్రం ముందు నిలబడి, పెదాలు కదుపుతూ ఒక్కో వాక్యం కూడబలుక్కునేవాణ్ణి. గాలికి నక్షత్రం తిరిగితే నేనూ దాని చుట్టూ తిరిగేవాణ్ణి. మొదటిరోజు పిల్లలు నవ్వారు. తర్వాత ఆడవాళ్లు వచ్చి కొంచెం దూరంలో నిలబడి చెంగుతో కళ్లు ఒత్తుకున్నారు. పాస్టరుగారిని ఆ ఊళ్లో అయ్యగారు అంటారు. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, "ఏసు పుట్టినప్పుడు ఆ నక్షత్రాన్ని చూసి వచ్చిన జ్ఞానులు కూడా ఇంత తదేకంగా చూసి ఉండరు బాబూ," అన్నారు.  పెద్దమ్మ రోజూ నా కోసం చేప వేపుడు చేసి, తినేదాకా ఎదురుగా కూర్చుని, నా మొహమే చూస్తూ ఉండేది. ఆ చూపు ముందు నిజం చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

ఇంతలో క్రిస్మస్ పాటలు పాడే కేరల్స్ రాత్రి రానే వచ్చింది. గుడి నిండా జనం. అయ్యగారు లేచి, "ఈ ఏడాది దేవుడు మన మధ్య ఒక గొప్ప కార్యం చేశాడు. ఈ బాబు ముందుకొచ్చి సాక్ష్యం చెబుతారు," అన్నారు. సాక్ష్యం అంటే దేవుడు తన జీవితంలో చేసిన మేలు నలుగురి ముందూ చెప్పడం. ముందు వరుసలో పెద్దమ్మ కొత్త చీర కట్టుకుని కూర్చుంది. నా నోరు ఎండిపోయింది. ఆ ఎండిన నోటికి దొరికిందల్లా దాహం అనే మాట.

"ఒక కోట ఉందండి," అని మొదలుపెట్టాను. "అందులో ఉన్నవాళ్లకి తాగడానికి నీళ్లు లేవండి."

అందరూ కాస్త ముందుకు వంగారు. కొల్లేటి వాళ్లకి ఆ మాట చాలు. ఊరి చుట్టూ కంటికి ఆనినంత మేర నీళ్లే గానీ, గొంతులో పోసుకునే బిందె మాత్రం దూరం నుంచి మోసుకు రావాలి. నేను సిపాయిల నాలుకలు పిడచకట్టడం చెప్పాను, అడుగంటిన తొట్టి చెప్పాను, తిత్తులతో గోడ దిగిన వంటవాణ్ణి చెప్పాను. అతను ఊట దాకా పాకుతూ వెళ్లినంత వరకు నక్షత్రం మీద చదవగలిగాను గనక అదీ చెప్పాను. అక్కడ ఆగిపోయాను.

వెనక వరుసలోంచి ఒకావిడ, "తర్వాతేమైందండీ? నీళ్లు తెచ్చాడా?" అని అడిగింది.

"తెలీదండి. మిగతాది నక్షత్రం కింది కొమ్మ మీద ఉందండి. ఎర్ర కాగితం అడ్డొచ్చింది."

పెద్దమ్మ వైపు చూడలేకపోయాను. అయ్యగారు మాత్రం ఒక్క క్షణం ఆలోచించి, "దించండి," అన్నారు. గుడి మొత్తం బయటికి వచ్చింది. దుంగ ఎక్కేవాళ్లు ఎక్కారు, తాడు పట్టేవాళ్లు పట్టారు. నక్షత్రం నేల మీదికి దిగింది. కింది కొమ్మ దగ్గర మేం మోకాళ్ల మీద కూర్చుని ఎర్ర కాగితం అంచు మెల్లగా లేపాం. మైదా జిగురు గట్టిగా పట్టింది. ఎర్ర కాగితంతోబాటు అక్షరాలూ లేచి వచ్చాయి. చివరి పేరా ఉండాల్సిన చోట తెల్లటి మచ్చ మిగిలింది.

 అప్పుడు పెద్దమ్మ నా పక్కన కూర్చుని, "నువ్వు రోజూ వచ్చింది వాళ్ల కోసమా?" అని అడిగింది.

"అవును పెద్దమ్మా."

"దాహంతో ఉన్నవాళ్ల కోసం వచ్చావు కదరా. మంచిదే," అని కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. అందరూ తలలు వంచారు. ఇదంతా తాతల కాలం సంగతనీ, ఆ సిపాయిలు ఇప్పుడు ఎక్కడా లేరనీ అయ్యగారి చెవిలో చెప్పాను. "దేవుడికి తారీఖులుంటాయా బాబూ," అని ఆయన కూడా కళ్లు మూసుకున్నారు. ఆ ఏడాదే కాదు, తర్వాత ప్రతి క్రిస్మస్‌కీ ఆ గుళ్లో రోగుల తర్వాత, ప్రయాణాల్లో ఉన్నవాళ్ల తర్వాత, కోటలో ఉన్నవాళ్లకి కూడా ఒక ప్రార్థన ఉండేది. దాని కోసం నేను ప్రతి ఏడాదీ వెళ్లేవాణ్ణి. పెద్దమ్మకు కావలసింది అలా దొరికింది.

పోయిన ఏడాది ఫోన్లో పాత పత్రికలు అమ్మే ఒకాయన దగ్గర ఆ సంచిక కనబడింది. తెప్పించుకున్నాను. జుట్టు నెరిసిన ఈ కల్నల్ కళ్లజోడు తుడుచుకుని చివరి పేజీ తీశాడు. వంటవాడు ఊట దగ్గరే దొరికిపోయాడు. మర్నాడు కోట పడిపోయింది. ఆ రాసిన అధికారి దాన్ని నాలుగు ముక్కల్లో తేల్చేశాడు. సొంతవాళ్లెవరో పోయినట్టు ఆ పూట అన్నం సహించలేదు.

క్రిస్మస్‌కి ఊరెళ్లాను. పెద్దమ్మకు ఇప్పుడు చూపు ఆనదు. గొంతు విని చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. ఆ సంచిక దొరికిందని మా ఆవిడ అప్పటికే చెప్పేసిందట.

"చదివావా? వాళ్లకి నీళ్లు అందాయా?"

"అందాయి పెద్దమ్మా."

"నాకు తెలుసు," అంది పెద్దమ్మ తృప్తిగా. "ఇంతమందిమి ఇన్నేళ్లు అడిగాం కదా."  నాకు నవ్వొచ్చింది, ఆవిడ చెయ్యి మాత్రం వదల్లేదు. ఆ అధికారి రికార్డులన్నీ చూసే రాసి ఉంటాడు. పెద్దమ్మను మాత్రం అడిగి ఉండడు.