దగ్గు నేర్పిన కాక

మా పబ్లిక్ హెల్త్ కాలేజీ వాళ్లు ఏటా గోదావరిఖని బొగ్గుగని కార్మికుల కాలనీలో టీబీ మీద వీధి నాటకం వేయించేవారు. ఆ ఏడు చనిపోయే కార్మికుడి వేషం నాకిచ్చారు. నటన వచ్చని కాదు, క్లాసులో అందరికంటే బక్కగా ఉన్నది నేనే. నాటకం రాసిన క్లాస్‌మేట్ చాలా సీరియస్ మనిషి. నేను మూడుసార్లు దగ్గి, భార్య ఒళ్లో తల వాల్చాలంది. మే నెలలో ఇక్కడి ఎండకు మనిషి పోవడానికి దగ్గు దాకా ఎందుకన్నాను. ఆమె నవ్వలేదు.

తెలంగాణ కోసం రిలే దీక్షలు చేసేవాళ్లు సాయంత్రం లేచి వెళ్లగానే, వాళ్ల టెంటు కింద మా రిహార్సల్. రిటైరైన కాక ఒకాయన రోజూ ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని ముందు వరసలో కూర్చునేవాడు. వెనక వరస లేదు. బాయిలో ముప్పై ఏళ్లు బొగ్గు నింపిన మనిషి. మూడేళ్ల మనుమరాలు ఎప్పుడూ ఆయన ఒళ్లోనే. నేను దగ్గినప్పుడల్లా ఆయన ముఖం పులిసిన మజ్జిగ తాగినట్టయ్యేది. మూడో రోజు ఉండబట్టలేక లేచాడు.

"గదేం దగ్గు బిడ్డా? బడి ఎగ్గొట్టే పోరని లెక్క దగ్గుతున్నవ్. కడుపులకెల్లి రావాలె."

పిల్లను దించి, నడుం మీద చెయ్యి వేసుకుని దగ్గి చూపించాడు. మేమంతా చప్పట్లు కొట్టాం. చప్పట్లు ఆగాయి గానీ దగ్గు ఆగలేదు. ఆయన కుర్చీ పట్టుకుని కూలబడేసరికి, కొట్టిన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో మాకు తెలియలేదు.

శివరాత్రి నుంచీ ఇట్లాగే ఉందట. తెమడ పరీక్షకు దవాఖానకు పోదామంటే, అది బొగ్గు దుమ్మేనని కొట్టిపారేశాడు. నా క్లాస్‌మేట్ నాటకంలోని డైలాగులన్నీ ఆయనకు అప్పజెప్పింది. ఓపిగ్గా విని, మంచిగ రాసినవని మెచ్చుకున్నాడు. ఆమె అటు వెళ్లాక, ఇంటివైపు పరుగెడుతున్న పిల్లను చూస్తూ నాతో మెల్లగా అన్నాడు.

"టీబీ అని తేలితే, దీన్ని నా దగ్గరికి రానియ్యరు."

ఆ పూట నా దగ్గర జోకులు లేవు.

"తేలకుంటే నీ రోగం దానికి అంటుతది కాకా. తేలితే కొన్ని రోజులే దూరం. గోలీలు మింగినంక మళ్ల నీ ఒళ్లెనే."

మర్నాడు తెమడ డబ్బీ తనే దవాఖానకు తీసుకుపోయి ఇచ్చాడు. టీబీయే. ఇంట్లో అందరినీ పరీక్షించారు. పిల్లకు ఏమీ లేదు. ఆ మాట విని నా క్లాస్‌మేట్ ఏడ్చింది, కాకే ఆమెను ఓదార్చాల్సి వచ్చింది. డాక్టరు సరే అనేదాకా ఆయన వాకిట్లో కుర్చీ వేసుకుని, గుమ్మంలో కూర్చున్న మనుమరాలికి దూరం నుంచే కథలు చెప్పాడు. ఆరు నెలల మందులు తిట్టుకుంటూనే పూర్తిగా మింగాడు.

మరుసటి ఏడు అదే నాటకం, అదే టెంటు. నేను ఇంకా బక్కగానే ఉన్నాను. కాక ముందు వరసలో, పిల్ల ఒళ్లో. నేను దగ్గాను. మళ్లీ మజ్జిగ ముఖం. పిల్లను దించి, నడుం మీద చెయ్యి వేసుకుని, గొంతు సవరించుకున్నాడు. బడి ఎగ్గొట్టే పోరడి దగ్గు ఒకటి వచ్చింది.

"వస్తలేదు బిడ్డా," అన్నాడు కొంచెం సిగ్గుపడి.

ఇక చేసేదేముంది, ఆ ఏడూ నా దగ్గుతోనే నేను చచ్చాను. కాలనీలో ఒక్కరూ నమ్మలేదు.